డబ్బాలో పడిన అక్షింతలు

కరోనా సద్దుమణిగిన మరుసటి ఏడాది, అరబ్బు దేశంలో నేను పనిచేసే కంపెనీ నన్ను అద్లియా ఆఫీసు నుంచి గుదైబియాలోని ఒక పాత భవనానికి సూపర్‌వైజరుగా మార్చింది. లిఫ్టు, నీళ్లు, చెత్త, అద్దెదార్ల తగవులు అన్నీ నా నెత్తినే. కింద గుమ్మం పక్కన గోడకు ఫ్లాటుకొకటి చొప్పున ఉత్తరాల డబ్బాలుండేవి. పోస్ట్‌మ్యాన్, నోటీసుల కోసం మా ఆఫీసు తప్ప వాటిలో ఎవరూ ఏమీ వేయకూడదని కంపెనీ నియమం. హోటళ్ల మెనూ కాగితాలు వేసిపోయేవాళ్లను కెమెరాలో చూసి తరమడం నా డ్యూటీలో భాగం. చూసీ చూడనట్టు వదిలేస్తే డబ్బాలు చెత్తకుండీలవుతాయి. క్లీనర్లకు ఇంకో నియమం ఉండేది: అద్దెదార్ల తలుపు కొట్టకూడదు.

మా క్లీనరు గంగారాం జగిత్యాల వైపు మనిషి, వయసులో నాకంటే పెద్ద. కొడుకు పెళ్లికి సెలవు దొరికింది, టికెట్టూ వచ్చింది. వారంలో ప్రయాణం.

ఒక ఉదయం మూడో అంతస్తు నుంచి ఉమ్ యూసుఫ్ కిందికి దిగి వచ్చింది. యూసుఫ్ తల్లి అని, కొడుకు పేరు మీదే ఆమెను అందరూ అలా పిలిచేవారు. టిష్యూ కాగితంతో ఒక కవరు పట్టుకుని ఉంది. తన డబ్బాలో దొరికిందట. లోపల పసుపు బియ్యం, ఎర్రటి పొడి, ఆమెకు తెలియని గుండ్రటి అక్షరాల కాగితం. ముందురోజు సాయంత్రం నుంచి పిల్లాడికి జ్వరం. ఎవరో చేతబడి చేశారని ఆమె అనుమానం. ఇంకో చేతిలో ఫోను, పోలీసులకు చెయ్యడానికి సిద్ధంగా ఉంది.

నాకు చూడగానే అర్థమైంది. అక్షింతలు, కుంకుమ, గంగారాం కొడుకు శుభలేఖ. అంతకుముందు ఆ ఫ్లాటులో ఉన్న తెలుగు కుటుంబం ఈమధ్యే పై అంతస్తుకు మారింది. వాళ్లకని వేసిన గంగారాంకి పాత డబ్బాయే గుర్తు. నాకు ఒళ్లు మండింది, ఆ వెంటనే భయం వేసింది. అక్కడ చేతబడి ఫిర్యాదంటే నవ్వులాట కాదు. కేసు నమోదైతే, అది తేలేదాకా మనిషిని దేశం దాటనివ్వకపోవచ్చు. తండ్రి లేకుండానే పెళ్లి జరిగిపోతుంది.

గంగారాంని పిలిచి ఎందుకు వేశావని గట్టిగానే అడిగాను. అతను తుడుపు కర్ర గోడకానించి, తలొంచుకుని అన్నాడు:

“తలుపు కొట్టద్దంటిరి, డబ్బాల ఎయ్యద్దంటిరి. పిలుపు ఎట్ల ఇయ్యాలె సార్?”



ఉమ్ యూసుఫ్‌కి నాకొచ్చిన అరబ్బీలో చెప్పాను: ఇది పెళ్లి పిలుపు, బియ్యం దీవెన కోసం, తల మీద వేస్తారు. ఆమె నమ్మలేదు. తప్పు చేసినవాడి తరఫున అతని భాషవాడే మాట్లాడితే ఎవరు నమ్ముతారు? ఫోను మీద వేలు పెట్టి ఆమె ఒక్క మాటే అంది.

“దీవెనే అయితే నీ తల మీద వేయించుకో.”

గంగారాం నా వంక బిత్తరపోయి చూశాడు. క్లీనరు సూపర్‌వైజరు తల మీద చెయ్యి పెట్టడమా అని అతని సంకోచం. అప్పటికే ఇద్దరు ముగ్గురు అద్దెదార్లు గుమ్మంలో ఆగి చూస్తున్నారు. నేను వంగాను. అతను కవరులోని గింజలు నా తల మీద వేశాడు.

“సల్లగుండుండ్రి సార్.”

కొన్ని గింజలు చొక్కా కాలరులోకి జారాయి, దులుపుకోలేదు. ఉమ్ యూసుఫ్ నా మొహం పరీక్షగా చూసింది. చివరికి ఫోను సంచీలో వేసుకుని, పెళ్లి ఎవరిదని అడిగింది. కొడుకుదని చెప్పాను. డబ్బా కడిగించమని చెప్పి లిఫ్టు ఎక్కింది. 

నియమం తప్పినందుకు గంగారాంకి హెచ్చరిక కాగితం ఇచ్చాను. ఇవ్వకపోతే నా ఉద్యోగానికే ఎసరు. అది జేబులో పెట్టుకునే అతను విమానమెక్కాడు. తిరిగొచ్చాక కంపెనీ అతన్ని నయీమ్ పేటలోని ఇంకో భవనానికి మార్చింది.

డబ్బాల నియమం మంచిదేనని ఇప్పటికీ అంటాను. ఎవరు పెట్టారో తెలియని వస్తువు ఇంట్లోవాళ్లను ఎంత భయపెడుతుందో ఆ రోజు చూశాను. తలుపు కొట్టకూడదన్న నియమానికీ కారణం ఉంది. ఆ రెండూ ఒకే మనిషి మీద పడితే అతనికి మిగిలేదేమిటని, వాటిని రాసినవాళ్లు గానీ, అమలు చేసిన నేను గానీ ఆలోచించలేదు. ఆ తర్వాత రిటైరయ్యేదాకా, క్లీనర్లు ఎవరినైనా శుభకార్యానికి పిలవాలంటే వెంట నేను వెళ్లి తలుపు కొట్టేవాణ్ణి.