వాటా లేనివాళ్ళు విప్పే ముడి

మా ఇంట్లో నా గురించి ఎప్పుడో తీర్పు ఇచ్చేశారు: ఈ పిల్లకు కాలు నిలవదు. నేను ఎక్కడికి వెళ్ళినా, ఎందుకు వెళ్ళినా, ఆ తీర్పు మారదు. మొన్న సాయంత్రం బ్యాగు సర్దుకుంటుంటే అమ్మ, "ఉద్యోగంలో చేరేముందు ఆఖరి షికారా?" అంది. ఫోనులో ఉన్న మామయ్య అది విని నవ్వి, "పోనీలే అక్కా, సోమవారం నుంచి కంపెనీ ఖర్చు మీద తిరుగుతుందిలే" అన్నాడు. చేపల పొడి తయారు చేసే కంపెనీలో, తీరం వెంట తిరిగి సరుకు కొనే పనికి నన్ను కుదిర్చింది ఆయనే. ఆ పొడి కోళ్ళ మేతకూ రొయ్యల మేతకూ వెళ్తుంది. కొనబోయే సరుకు నీళ్ళలోంచి ఎలా బయటికి వస్తుందో ఒక్కసారైనా చూడాలని బయల్దేరానని ఇద్దరికీ చెప్పాను. ఇద్దరికీ అది సాకులాగే వినిపించింది.

నెల్లూరు బస్టాండులో తెల్లవారుజామున ఐదింటికి గూడూరు బస్సు ఎక్కాను. పల్లెవెలుగులో ఆధార్ కార్డు చూపిస్తే ఆడవాళ్ళకు డబ్బు తీసుకోరు. గంటకు కాస్త ఎక్కువ పట్టింది. గూడూరులో దిగేసరికి నిమ్మకాయల బస్తాలతో లారీలు రోడ్డు సగం ఆక్రమించుకుని ఉన్నాయి. బస్టాండు బయట నలభై రూపాయలకు ఇడ్లీ, ఒక దోసె తిని వాకాడు బస్సు పట్టుకున్నాను. వాకాడు నుంచి సముద్రానికి షేర్ ఆటోలు ఉంటాయి కానీ మనుషులు నిండితేనే కదులుతాయి. ఆగడానికి ఓపిక లేక, రానూ పోనూ, అక్కడ కాచుకుని ఉండటానికీ కలిపి ఆరు వందలకు ఒక ఆటో మాట్లాడుకున్నాను. నడిపే ఆయన పేరు శీనయ్య.

"రాకెట్టు చూసేదానికా పాపా? ఈ పొద్దు లేదే" అన్నాడు. శ్రీహరికోట ఆ పక్కనే కదా, కొత్త ముఖం కనపడితే అందరూ అలాగే అనుకుంటారట.

"కాదన్నా, చేపలు చూడాలని."

"చేపలు వాకాట్లోనే దొరుకుతాయి గదా. చెప్పుంటే నీకు ఆరు నూర్లు మిగిలేది, నాకు నిద్ర మిగిలేది."

మేం వెళ్ళిన పాళెం పేరు ఇక్కడ రాయను. ఆ ఊళ్ళో ఇంకా తేలని తగవు ఒకటుంది, అందుకని. సరుగుడు తోపు దాటగానే సముద్రం కనిపించింది. అప్పటికే పడవ మీద వెళ్ళి పెద్ద వలను నీళ్ళలో అర్ధచంద్రంలా వేసి వచ్చారు. దాని రెండు కొసల తాళ్ళూ ఒడ్డున ఉన్నాయి. ఆడా మగా రెండు వరసలుగా తాడు పట్టి, వెనక్కి అడుగులు వేస్తూ లాగుతున్నారు. నేనూ ఒక చెయ్యి వేద్దామని ముందుకు వెళ్ళాను. వెనకనుంచి ఎవరో నా జడ పట్టుకుని ఆపారు.

"తాడు ముట్టొద్దు మే! ముట్టినావంటే నీకూ వాటా ఇయ్యాల. ఉండేవాళ్ళకే చాలకుండా ఉండాది ఈడ."

ఆమె చెంచమ్మ. అరవై దాటి ఉంటాయి. తాడుకు దూరంగా ఇసుకలో కూర్చుని ఉంది. పక్కనే కూర్చోమంది. మీరెందుకు లాగడం లేదని అడిగితే ఆ ఊరి పద్ధతి చెప్పింది. వలకు చివర ఒక సంచి ఉంటుంది, చేపలన్నీ చేరేది అందులోనే. దాన్ని ఒడ్డుకు ఈడ్చేయరు. నడుములోతు నీళ్ళలో ఆపి, ఒక మనిషి లోపలికి చెయ్యి పెట్టి మూడుసార్లు దోసిలి నింపి చూస్తారు. అరచేతికన్నా చిన్న చేపలే ఎక్కువగా వస్తే సంచి మూతిముడి అక్కడే విప్పి వదిలేస్తారు. చూసి విప్పే ఆ మనిషికి మాత్రం ఆ వలలో వాటా ఉండకూడదు. పడవలో, తాడులో, బేరంలో, దేంట్లోనూ. ఇన్నేళ్ళుగా ఆ పని చెంచమ్మదే.

"నా అల్లుడు మొన్ననే ఈ వలలో చేరినాడు. ఇంక నేను ముట్టకూడదు" అంది. సంతోషంగా చెప్పిందో దిగులుగా చెప్పిందో తెలియలేదు.

రెండు గంటలకు పైగా లాగారు. ఎండ ఎక్కింది. తాడు ఒరుసుకుని చేతులు కమిలిపోకుండా కొందరు గుడ్డపీలికలు చుట్టుకున్నారు. సంచి దగ్గర పడుతుండగా తోపు పక్క రోడ్డు మీదికి ఒక వ్యాను వచ్చి ఆగింది. ప్లాస్టిక్ ట్రేల మీద రాసి ఉన్న పేరు అంత దూరం నుంచీ చదవగలిగాను. నాకు వచ్చిన ఉద్యోగపు మెయిల్ మీద ఉన్న పేరే అది.

వల పెద్ద పోలయ్య అప్పుడు మా వైపు వచ్చాడు. మనిషి అలిసిపోయి ఉన్నాడు. వ్యాను వైపు చూసి, "నెల నుంచీ వస్తా ఉండాది. చిన్నదీ పెద్దదీ లేదు, ఏమున్నా తూకమేసుకుని పోతామంటా ఉండారు" అన్నాడు.

"మీరు వదిలేస్తే బయట పెద్ద బోట్ల వాళ్ళు పట్టుకోరా?" అని అడిగాను.

"పడతారు. అందుకే సగం ఊరు ఈ పద్ధతి ఒద్దంటా ఉండారు. వచ్చే అమావాస్యకు కూర్చుని తేల్చాల. ఇప్పుడమ్మితే తూకం లెక్కన పొడికి పోతాది. అదే కానాగంత చేప నాలుగు నెలలు పెరిగితే పుంజీ లెక్కన, నాలుగింటికింతని అమ్ముకుంటాం. మాకు తెలీదా? తెలుసు. ఇంట్లో బియ్యం లేని రోజు మాత్రం గుర్తుండదు."

"మీరైతే ఏం చేస్తారు?"

"నన్నడిగితే ముడి విప్పొద్దనే అంటా. అందుకే నన్నడగరు."

అప్పుడు చెంచమ్మ నా భుజం తట్టింది. "ఈ పాప ఉండాది గదా. తాడు గూడా ముట్టలేదు. నేను చూసినా."

అందరూ నావైపు తిరిగారు. పద్ధతి ప్రకారం నీళ్ళలోకి దిగేముందు అడగవలసిన ప్రశ్న ఒకటుంది. పోలయ్య గొంతు పెంచి అడిగాడు: "ఈ వలలో నీకేమన్నా వాటా ఉండాదా పాపా?"

లేదు అనడానికి ఒక్క క్షణం చాలు. నన్ను అక్కడ ఎవరూ ఎరగరు. సముద్రంలో చెయ్యి పెట్టి చేపల్ని వదిలేసి, ఇంటికి వచ్చి మంచి పోస్టు రాసుకోవచ్చు. సోమవారం అదే వ్యానులో రావచ్చు.

"ఉంది" అన్నాను. "ఆ వ్యాను కంపెనీలో సోమవారం చేరాలి. మీ దగ్గర కొనేది నేనే."

చెంచమ్మ నన్ను కిందినుంచి పైదాకా చూసింది.

"అట్టయితే పోయి రోడ్డుమీద నిలబడు. కొనేవాళ్ళు ఆడ నిలబడతారు."

నిలబడ్డాను. చివరికి శీనయ్యను పిలిచారు. "నాకు కిరాయే గానీ చేపలో వాటా యాడిదిరా సామీ" అంటూ ప్యాంటు మోకాళ్ళదాకా మడిచి, అది చాలదని తెలిశాక తడుపుకుంటూనే దిగాడు. ఒక దోసిలి. రెండో దోసిలి. మూడోది చూసి ఎవరివైపూ చూడకుండా వంగి ముడి విప్పాడు. సంచి చుట్టూ నీళ్ళు వెండిలా మెరిసి, కాసేపటికి మామూలు నీళ్ళయిపోయాయి. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ఒకామె చేతికి చుట్టిన గుడ్డ విప్పుకుంటూ, "పొద్దున్నుంచీ లాగినాం, దీనికా?" అంది. వల కళ్ళలో చిక్కి మిగిలిన కాసిని పెద్ద చేపల్ని కుప్పలుగా పంచుకుని, దాదాపు ఖాళీ బుట్టలు ఎత్తుకుని వెళ్ళిపోయారు. వ్యాను కూడా వెళ్ళిపోయింది.

తిరుగు దారిలో వాకాడు దగ్గర పడ్డాక శీనయ్య, "నేను చేసింది తప్పా పాపా?" అని అడిగాడు. తప్పు కాదన్నాను. "ఆయమ్మ బుట్ట ఖాళీగా పాయె గదా" అన్నాడు.

చదువుకున్న రోజుల్లో సముద్రాన్ని కాపాడాలని మేమూ చాలా మాట్లాడాం. ఆ కాపాడటానికి అయ్యే ఖర్చు ఎవరి బుట్టలోంచి పోతుందో మాత్రం ఆ ఉదయమే చూశాను. ఆ ఊరు ఆ ఖర్చును ఇష్టంగా భరించడం లేదు. తిట్టుకుంటూ, ఒకరినొకరు అనుమానించుకుంటూ భరిస్తోంది. ఏమున్నా కొంటామనే మనిషి రోజూ రోడ్డుమీద నిలబడితే ఇంకెన్నాళ్ళు భరిస్తుందో తెలియదు. అమావాస్యకు ఏం తేలుతుందో నాకూ తెలియదు.

మీరు వెళ్ళాలనుకుంటే ఒక మాట: సముద్రం పోటుగా ఉంటే వల వేయరు కాబట్టి ముందురోజే వాకాడు ఆటోస్టాండులో కనుక్కోండి. ఎనిమిదికల్లా ఒడ్డున ఉండండి. ఫొటో కోసమైనా సరే, తాడు మాత్రం పట్టుకోకండి.

గూడూరు బస్టాండులో మామయ్యకు ఫోను చేశాను. సోమవారం చేరడం లేదని చెప్పాను.