భుజాలు దించే విద్య

ఇది పద్దెనిమిది పర్వాల యుద్ధగాథ, కాస్త సర్దుకుని కూర్చోండి. ఒకవైపు నేను, మరోవైపు నా రెండు భుజాలు. నిజానికి అంత సీను లేదు. టైపు హయ్యర్ పరీక్ష రెండుసార్లు పోయింది. మూడోసారీ పోతే ఏలూరు చేపల కంపెనీవాళ్ళు నాకోసం ఆపిన టైపిస్టు ఉద్యోగం ఇంకెవరికో ఇచ్చేస్తారు. అంతే కథ.

నాలుగు పేరాలు కొట్టేసరికి నా భుజాలు చెవుల దాకా వచ్చేసేవి. వేళ్ళు కొయ్యబారేవి. తాడేపల్లిగూడెం ఇన్‌స్టిట్యూట్‌కి నేను రోజూ ఆలస్యంగా వెళ్ళేవాణ్ణి కనుక కిటికీ పక్క మిషనే మిగిలేది. "ఇదంతా టెన్షన్ బాబూ," అని మాస్టారు నన్ను ఏలూరులో ఫిజియోథెరపీ మేడం దగ్గరికి పంపారు.

"పిడికిలి బిగించండి. ఐదు లెక్కపెట్టి వదిలేయండి. హాయిగా ఉందాండీ?"

"లేదండీ."

"ఉంటుందండీ. పాదాల నుంచి నుదురు దాకా రోజూ ఇలాగే చెయ్యండి. కంగారు పడకండి."

కంగారు పడకుండా ఉండడం చేతనైతే ఆవిడ దగ్గరికెందుకు వెళ్తాను?

తిరుగు ప్యాసింజర్‌లోనే మొదలుపెట్టాను. కళ్ళు మూసి, పళ్ళూ పిడికిళ్ళూ బిగించాను. ఎదుటి పెద్దాయన జంతికల పొట్లం మడిచేశారు.

"ఏవండీ, నేనేవన్నా తప్పు మాట్లాడేనాండీ?"

"లేదండీ, రిలాక్స్ అవుతున్నానండీ."

ఆయన సంచీ తీసుకుని తలుపు దగ్గరికెళ్ళి నిలబడ్డారు. ఒక జంతిక పెడతారేమోనన్న ఆశ కూడా పోయింది.

ఇంట్లో చాప మీద వెల్లకిలా పడుకుని పిక్కలు బిగించాను. అమ్మ చూసింది.

"ఒరే, కాళ్ళు కొంకర్లు పోతున్నాయిరా నీకు!"

నేను విప్పి చెప్పేలోపే అమ్మ కబురందుకుని చర్చి ప్రార్థన గుంపు ఆంటీలు దిగిపోయారు. నా నెత్తిన చేతులుంచి, ఈ బిడ్డకు నెమ్మది దయచేయమని వీధి చివరికి వినపడేలా ప్రార్థించారు. నా భుజాలు మళ్ళీ చెవులకెక్కాయి.

"కదలకు నాన్నా, నెమ్మది దిగుతోంది," అన్నారొకావిడ.

పరీక్ష నాటికి ఆ విద్యలో నాకు పట్టుబడింది నుదురొక్కటే. నుదురుతో టైపు కొట్టలేం. అయినా, ముందు రెండుసార్లూ మా ఇన్‌స్టిట్యూట్‌లోనే పడిన సెంటరు ఈసారి ఏలూరులో పడింది, అక్కడ పేజీ పూర్తయినా భుజాలు పైకి రాలేదు. పాసయ్యాను, ఉద్యోగమొచ్చింది. ప్రార్థన ఫలమని అమ్మ, పిడికిళ్ళ ఫలమని నేను, అన్నం దగ్గర రోజూ గొడవే.

మాస్టారికి స్వీట్లివ్వడానికి వెళ్ళి, అలవాటుగా కిటికీ పక్కనే కూర్చుని మిషను మీద వేళ్ళు పెట్టాను. భుజాలు చెవులకెక్కాయి.

"అది కాకుండా వేరేది లాక్కో బాబూ," అన్నారు మాస్టారు లడ్డూ నములుతూ. "చెదలు పట్టి ఆ స్టూలు కాళ్ళు కోయించాం. మిగతావాటికన్నా బెత్తెడు పొట్టి."