దేముడమ్మ నోటి బిళ్ళ

దేముడమ్మ చోడవరం సంతలో బెల్లం బేరమాడుతుంటే, కదలబోతున్న మాడుగుల బస్సులోవాళ్లు కూడా తలలు బయటపెట్టి వినేవారు. అలాంటి మనిషికి యాభై ఆరో సంవత్సరంలో అంగిట్లో పుండు లేచింది. ముప్పై ఏళ్లుగా అడ్డపొగ తాగింది మరి. చుట్టని తిప్పి, నిప్పున్న కొస నోట్లోపల పెట్టుకోవడమన్నమాట. ఆ వీధి ఆడవాళ్లంతా అలాగే తాగుతారు.

విశాఖపట్నంలో డాక్టరు కేన్సరని చెప్పి, అంగిలి సగం తీసేసి, ఆ కన్నానికి సరిపడా గులాబీరంగు బిళ్ళ ఒకటి చేయించి ఇచ్చాడు. అది పెట్టుకుంటే మాట వస్తుంది. తీస్తే ముక్కులోంచి గాలి వస్తుంది, తాగిన నీళ్లూ వస్తాయి.

"ఇది పోతే మళ్లీ చేయించడానికి రెణ్ణెల్లు. చుట్ట ముట్టుకున్నావంటే ఆ రెణ్ణెల్లు కూడా అక్కర్లేదు," అన్నాడాయన.

ఇంటికొచ్చిన ఆరోవారం పక్కింటి మంగాయమ్మ పరామర్శకి వచ్చింది, చేతిలో చుట్టల కట్టతో.

"పళ్లు తెద్దునే వొదినా, నమల్లేవు గదా. అందుకని ఇయ్యి తెచ్చేను."

కోడలు రాజ్యం ఆ కట్ట లాక్కుని పొయ్యిలో పడేసింది. అప్పటికే ఒక చుట్ట దేముడమ్మ బొడ్లోకి చేరిపోయింది.

మర్నాడు రాజ్యం నూతికి వెళ్లగానే దేముడమ్మ గడ్డివాము చాటుకి నడిచింది. బిళ్ళ కాలిపోతే రెణ్ణెల్లు మూగనోము పట్టాలి. అందుకని ముందుచూపుతో దాన్ని తీసి కొంగున ముడేసింది. చుట్ట వెలిగించి, తిప్పి పెట్టుకుని, కళ్లు మూసుకుని ఒక్క దమ్ము లాగింది.

పైకప్పు లేని నోట్లో పొగ ఆగుతుందా? తిన్నగా ముక్కులోకి కొట్టింది. ఒక తుమ్ము. రెండోది. మూడో తుమ్ముకి చుట్ట ఒకవైపు, కొంగు ముడి వదిలి బిళ్ళ మరోవైపు ఎగిరిపోయాయి.

రాజ్యం బిందెతో తిరిగొచ్చేసరికి అత్తగారు గడ్డిలో చేతులూ మోకాళ్లూ ఆన్చి పాకుతోంది. ముక్కులోంచి పొగ!

"ఏటత్తా ఇది?"

దేముడమ్మ నోరు తెరిచి, వేలితో పైకి చూపించింది.

"ఓలమ్మో, బిల్ల పోనాది!"

రాజ్యం కేకకి వీధి ఆడవాళ్లంతా వచ్చిపడి వెతకడం మొదలెట్టారు. అందరి నోళ్లలోనూ నిప్పే.

"ఎంతుంటాదే వొదినా? ఎక్కడ పెట్టుకుంటావే?" అని మంగాయమ్మ పదిసార్లు అడిగింది. విసుగెత్తి దేముడమ్మ ఆవిడ గడ్డం పట్టుకు దగ్గరికి లాగి, ఎండకేసి తన నోరు బార్లా తెరిచింది.

మంగాయమ్మ చూసింది. చూస్తూ చూస్తూ తన చుట్ట మెల్లిగా బయటికి తీసేసింది.

బిళ్ళ చివరికి రాజ్యానికే దొరికింది, దూడ నాకబోతుండగా. కడిగి ఇస్తే దేముడమ్మ పెట్టుకుని గొంతు సవరించుకుంది.

"మొకం కడుక్కుంటంటే జారిపోనాదేటే వొదినా?" అంటూ మంగాయమ్మ ఒక అబద్ధం అందించింది పాపం.

"నేదే. కాల్సేను," అంది దేముడమ్మ. "నువ్వు కూడా ఆర్పీయే మంగా. డాక్టరు బాబు ఈదికంతా ఒక్క బిల్లే ఇచ్చేడు."

అప్పుడందుకుంది రాజ్యం తిట్లు. ఆసుపత్రి దగ్గర మొదలెట్టి పెళ్లినాటి సంగతుల దాకా వెళ్లింది. దేముడమ్మ, నోట్లో బిళ్ళ భద్రంగా ఉండి కూడా, ఒక్క మాట ఎదురాడలేదు.