బానెట్ లోపలి వేలిముద్ర

కిందటి నెలలో మా అమ్మాయి కొత్త కారు కొనుక్కుని, మొదటి ప్రయాణానికి నన్నే ఎక్కించుకోవాలని ఇంటికి తీసుకువచ్చింది. కరెంటుతో నడిచే బండి. చప్పుడు లేకుండా వచ్చి వాకిట్లో నిలబడింది. పాత అలవాటు కొద్దీ నేను ముందుకు వెళ్ళి బానెట్ తెరవమన్నాను. తెరిచింది. ఇంజను ఉండవలసిన చోట మూతలేని పెట్టెలా ఖాళీ జాగా ఉంది. ఆయిల్ ఎక్కడ పోస్తారమ్మా అని అడిగితే, "దీనికి ఆయిలే ఉండదు నాన్నా, ఇక్కడ సామాను పెట్టుకోవడమే" అంది. నేను రెండు చేతులూ వెనక్కి కట్టుకుని కాసేపు ఆ ఖాళీలోకి చూస్తూ నిలబడ్డాను. అలా చేతులు వెనక్కి కట్టుకోవడం మా నాన్నగారి అలవాటు. అది నాకెప్పుడు వచ్చిందో నేను గమనించలేదు.

మా తాతగారికి గోదావరి జిల్లాలో బస్సులుండేవి. బస్సులుండేవని ఈ రోజు ఎవరైనా అంటే టికెట్లూ లాభాలూ గుర్తొస్తాయి గాని, మా తరం వాళ్ళకు తెలుసు, ఆ రోజుల్లో ఒక రూట్లో బస్సు తిప్పే ఇంటివాళ్ళంటే ఆ దారి పొడుగునా పెళ్ళిళ్ళకూ ఆసుపత్రులకూ పరీక్షలకూ పూచీపడ్డవాళ్ళని అర్థం. మా బస్సు వచ్చేదాకా ఊళ్ళో ముహూర్తం ఆపిన సందర్భాలు నాకు తెలుసు. తరువాత రూట్లు ప్రభుత్వం తీసుకుంది, మిగిలినవాటిని అన్నదమ్ముల మధ్య వచ్చిన కోర్టు వ్యవహారాలు తీసుకున్నాయి. నా కాలేజీ చదువు అయ్యేసరికి షెడ్డులో ఒక్క బస్సు మిగిలింది, నా పెళ్ళినాటికి అదీ లేదు. ఇవన్నీ ఎవరి జాలి కోసమో చెప్పడం లేదు. మా ఇంట్లో పోయినవాటి గురించి మాట్లాడే ఆచారం లేదు. ఆచారమంటూ ఒకటుండేది, దాని గురించి చెప్పడానికే ఇది రాస్తున్నాను.

షెడ్డులో ఎంతమంది పనివాళ్ళున్నా, ఇంజను ఆయిల్ మార్చే రోజున డ్రెయిన్ బోల్టు విప్పేది మాత్రం యజమానే. పంచె ఎగగట్టి తాతగారే బండి కిందకు దూరేవారట. కాలిన ఆయిల్ ధార కట్టగానే మొదట కాస్త వేళ్ళ మీద పట్టి, రుద్ది, వాసన చూసి, ఇంజను ఎలా ఉందో చెప్పేవారు. కొత్త ఆయిల్ పోయడం అయ్యాక, ఆ పాత ఆయిల్లోనే బొటనవేలు ముంచి బానెట్ లోపలి వైపున ఒక ముద్ర వేసేవారు. ఈ బండికి నేను పూచీ అని దాని అర్థం. ఇంజను వేడికీ దుమ్ముకీ ఆ ముద్ర రేకులోకి ఇంకిపోయి ఇక చెరిగేది కాదు. ముద్ర అంచు చెదరకుండా పడాలి. చెయ్యి వణికి అంచు చెదిరిన రోజున, వేసేవాళ్ళు తప్పుకుని, ఆ వేలి హక్కు తరువాతి వాళ్ళకు ఇవ్వాలని తాతగారి నియమం. ఆయనకు అలాంటి రోజు రాగానే మారుమాట లేకుండా నాన్నగారికి అప్పగించారు. ఆఖరి బస్సును తుక్కు కింద కొన్నవాళ్ళు తీసుకుపోతున్న పొద్దున, నాన్నగారు బానెట్ ఎత్తి ఆ ముద్రల వరసలన్నీ ఒకసారి చూసి, ఆయనే మూసి, లోపలికి వెళ్ళిపోయారు. ఆ తరువాత ఆయన ఏ బండి కిందా చెయ్యి పెట్టలేదు.

నేను మస్కట్ వెళ్ళి అజైబాలో ఒక కంపెనీ స్టోర్స్‌లో ఉద్యోగం చేస్తూ, మబేలాలో కాపురం పెట్టాను. రెండువేల ఏడో ఎనిమిదో, ఆ ప్రాంతంలో ఒక వాడిన కారు కొన్నాను. మా బిల్డింగులో అందరూ షాపుకే ఇచ్చేవారు. వీధికొక ఆయిల్ షాపు, టీ తాగేలోపు పని అయిపోయేది. నేను మాత్రం అక్కడి సెలవు రోజైన శుక్రవారం పొద్దున్నే వెనక ఖాళీ జాగాలో చాప పరుచుకుని, పానా పట్టుకుని కిందకు దూరేవాణ్ణి. మా ఆవిడ బాల్కనీలోంచి, "శుక్రవారం తలంటు కారుకేనా, మాకేమైనా ఉందా" అని అడిగేది. పక్కింటివాళ్ళు నేను పిసినారినని అనుకునేవారని కూడా తనే చెప్పింది. అనుకోనిచ్చాను. నా బండి కింద పరాయి చెయ్యి పడకూడదన్న పట్టుదలను అందరికీ విడమరిచి చెప్పాలని నాకెప్పుడూ అనిపించలేదు. కాని ఎన్నిసార్లు ఆయిల్ మార్చినా బానెట్ లోపల ముద్ర మాత్రం వేయలేదు. నాన్నగారు బతికి ఉండగా, ఆయన ఇవ్వకుండా, ఆ వేలు నాది కాదు.

అమ్మ పోయిన మరుసటి ఏడు చలికాలంలో ఆయన్ను విజిట్ వీసా మీద పిలిపించాను. ఆయన్ను చూడాలన్నది ఒకటి. రెండోది, నేనెవరికీ చెప్పుకోనిది, మా ఇంటి బండి అన్నది మళ్ళీ ఒకటి ఉంది గనక, దాని బానెట్ లోపల ఆయన ముద్ర ఒక్కటైనా పడాలని. వచ్చిన రెండు మూడు రోజులకే ఆయన కుడిచెయ్యి సంగతి తెలిసింది. వణుకు. మనుషుల్లో ఉన్నప్పుడు చేతులు వెనక్కి కట్టుకుని, ఎడమచేత్తో కుడి మణికట్టు పట్టుకుని నిలబడేవారు. మా ఆవిడ ఆయన కాఫీ గ్లాసు సగమే నింపేది. ఎందుకని నేను అడగలేదు, తనూ చెప్పలేదు, ఆయన కూడా నిండు గ్లాసు అడగలేదు.

అయినా ఆయిల్ మార్చే వారం దగ్గరపడుతుంటే నేనే కదిపాను. ఈసారి బోల్టు మీరు విప్పాలి నాన్నగారూ అంటే, "చూద్దాంలేరా" అన్నారు. కాదనలేదు. మర్నాడు పొద్దున కిందకు దిగి కారు చుట్టూ ఒక ప్రదక్షిణం చేసి, వంగి అడుగుభాగం చూసి వచ్చారు. కట్టుకోవడానికి ఒక పాత పంచె ఉంచమని మా ఆవిడకు చెప్పారట. తను ఆ మాట నాకు చెబుతూ ముఖం పక్కకు తిప్పుకుంది.

సరిగ్గా ఆ వారమే బిల్డింగు యజమాని కబురు పంపాడు. వెనక జాగాలో ఆయిల్ మరకలు పడుతున్నాయి, మునిసిపాలిటీ వాళ్ళు చూస్తే తన మీదకు వస్తుంది, ఇకపై బండి పనులు షాపులోనే చేయించుకోవాలని. మరకలు నావి కావు, నేను కింద రేకు పెట్టకుండా ఏనాడూ బోల్టు విప్పలేదు. కాని ఊరు అతనిది, జాగా అతనిది. కొండల అవతల సమాయిల్లో నర్సుగా చేస్తున్న మా వదినగారు శుక్రవారం భోజనానికి పిలిచారు, ఆ ఘాటు రోడ్డు మీద కాలిన ఆయిల్‌తో బండి తీయడం నాకు ఇష్టం లేదు. ఇక షాపే గతి. నాన్నగారితో చెప్పక తప్పలేదు. విని, "పద, ఎలా చేస్తారో చూద్దాం" అన్నారు. ఉంచమన్న పాత పంచె మంచం మీదే వదిలేసి, ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చారు.

షాపులో పనిచేసే మనిషి కడప జిల్లావాడు. మా తెలుగు చెవిన పడగానే ముఖమంతా నవ్వు చేసుకుని, "రాండి సార్, రాండి. పెద్దాయనా, ఆ కుర్చీలో కూచో, టీ తెప్పిస్తా, అయిదు నిమిసాల్లో అయిపోతాది" అన్నాడు. ఒకప్పుడు షెడ్డు మొత్తం లేచి నిలబడే మనిషికి ప్లాస్టిక్ కుర్చీ చూపించాడు. నాన్నగారు కూర్చోలేదు. కారును, కిందకు దిగి పనిచేసే గుంట మీదకు ఎక్కించాక, తానూ కిందకు దిగబోయారు.

"గుంటలోకి గిరాకీలు దిగకూడదు పెద్దాయనా. ముదీర్ చూసినాడంటే నన్ను రేపే ఊరికి ఎక్కిస్తాడు" అని అతను తమ మేనేజరు కూర్చున్న అద్దాల గది వైపు చూపించాడు.

నాన్నగారు మెట్టు మీదే ఆగి, "సరేనోయ్. ఆ మొదటి ఆయిల్ కాస్త ఇలా పైకి అందించు" అన్నారు.

"ఏం, మా మీద నమ్మకం లేదా? కాలినదే మళ్ళా పోసే దుకాణం కాదులే మాది" అంటూనే, నవ్వుతూ ఒక చిన్న మూతలో పట్టి అందించాడు.

నాన్నగారు ఎడమచేత్తోనే మూత అందుకుని, రెండు వేళ్ళ మధ్య ఆయిల్ రుద్ది, వాసన చూశారు. "ఇంజను శుభ్రంగా ఉందిరా. నువ్వు వేళకే మారుస్తున్నావు" అన్నారు నాతో. ఆయన నన్ను మెచ్చుకున్న సందర్భాలు నా జీవితంలో ఎక్కువ లేవు గనక, అజైబాలో నాకు వచ్చిన ప్రమోషను కన్నా అది నాకు బాగా గుర్తుంది. కొత్త ఆయిల్ పోయడం అయింది. బానెట్ ఇంకా ఎత్తే ఉంది. నాన్నగారు కుడిచేతిని వెనక నుంచి ముందుకు తీశారు. బొటనవేలు మూతలో ముంచారు. చెయ్యి వణుకుతోంది, మూత అంచుకు తగిలి చిన్నగా చప్పుడు వచ్చేటంత. ఆ చెయ్యి బానెట్ దాకా లేచింది.

"అయ్యో, చెయ్యంతా మసి చేసుకుంటివే పెద్దాయనా" అంటూ ఆ కడప మనిషి గబగబా వచ్చి, ఆ చేతిని తన చేతిలోకి తీసుకుని, గుడ్డతో బొటనవేలు శుభ్రంగా తుడిచేశాడు. సొంత తండ్రికి తుడిచినట్టే, గోరు సందులు కూడా వదలకుండా తుడిచాడు.

నాకు ఒళ్ళు మండిపోయింది. మా తాతగారి దగ్గర నుంచి వచ్చిన వేలు అది. ఒక మాట అనడానికి నోరు తెరిచాను. నాన్నగారు నన్ను ఆపినట్టుగా చూసి, అతనితో మాత్రం, "సంతోషమోయ్" అన్నారు. తుడిచిన ఆ చేతిని ఒకసారి చూసుకుని మళ్ళీ వెనక్కి పెట్టుకున్నారు. మూత నా వైపు చాచి, "నువ్వు వెయ్యి" అన్నారు.

మీరుండగా నేనా నాన్నగారూ అన్నాను.

"బండి నీది. వెయ్యి."

వేశాను. పరాయి షాపులో, రేడియో మోగుతుండగా, మా ఇంటి వేలు ఒక చేతి నుంచి ఇంకొక చేతికి వచ్చింది. కడప మనిషి తల గోక్కుంటూ, "ఇదేందో మీ ఊరి పూజ మాదిరి ఉండాదే" అని, ముద్ర పక్కన చెయ్యి తగలకుండా నెమ్మదిగా బానెట్ దించాడు. ఆ తరువాత తన పని ప్రకారం, మళ్ళీ ఎప్పుడు రావాలో రాసిన స్టిక్కరు అద్దం మూలన అతికించాడు.

ఆ గుడ్డ ఆ క్షణంలో అడ్డు రాకపోతే ఏమయ్యేదని చాలాసార్లు ఆలోచించాను. ముద్ర చెదిరేది. అది నా కళ్ళముందే జరిగేది, ఆయన తప్పుకోవలసి వచ్చేది. అతను మాకు అవమానమే చేశాడో, ఒక పెద్దమనిషి పరువే కాపాడాడో, నాకు ఈనాటికీ తేలలేదు. నాన్నగారికి మాత్రం అప్పుడే తేలిపోయిందనుకుంటాను.

ఆ శుక్రవారం సమాయిల్ వెళుతూ, కొండల మధ్య ఒక చోట బండి ఆపమన్నారు. దిగి, బానెట్ ఎత్తించారు. ఇంజను వేడి ముఖానికి కొడుతున్నా పట్టించుకోకుండా, చేతులు వెనక్కి కట్టుకుని, నడుం వంచి ఆ ముద్రను చాలాసేపు చూశారు. "అంచు చెదరలేదు" అన్నారు. మూసి బండెక్కారు. వదినగారింట్లో ఆ పూట నిండు గ్లాసుతో మజ్జిగ ఇస్తే, దాచకుండా రెండు చేతులతో పట్టుకుని తాగారు. ఒలికింది. తుడుచుకున్నారు.

వీసా గడువు తీరి ఆయన వెళ్ళిపోయారు. ఆ తరువాత ఎక్కువ కాలం లేరు. నేను ఆ షాపుకే వెళ్ళేవాణ్ణి, కడప మనిషి నేను అడగకుండానే మూతలో ఆయిల్ పట్టి అందించేవాడు. మస్కట్ వదిలి వచ్చేటప్పుడు కారు అమ్మేశాను. ఇప్పుడు ఇక్కడ సర్వీసు సెంటర్లలో మనల్ని అద్దం ఇవతలే కూర్చోబెడతారు, పాత ఆయిల్ ఎవరి కంటా పడదు, పని అయిందని ఫోనుకు కబురొస్తుంది. పని బాగానే చేస్తారు, అబద్ధమాడను. బండికి పూచీ ఎవరంటే మాత్రం కంపెనీ పేరు చెబుతారు.

అమ్మాయి కారు ముందు నేను అంతసేపు ఎందుకు నిలబడ్డానో తనకు తెలియదు, నేనూ చెప్పలేదు. ఈ మధ్య పొద్దున పూట నా కుడిచెయ్యి కూడా కాస్త వణుకుతోంది. తాతగారికీ నాన్నగారికీ ఆ రోజు వచ్చినప్పుడు వేలు అందుకోవడానికి పక్కన ఇంకొకరు నిలబడి ఉన్నారు. ఆ కారు ముందు నా పక్కన కూడా నిలబడి ఉంది, నాకన్నా బాగా బండి నడిపే పిల్ల. ఇవ్వడానికి ఆయిలే లేదు. వాకిట్లో ఉన్న నా సంచి తీసుకుని ఆ ఖాళీ జాగాలో పెట్టి, బానెట్ తనే మూసి, "ఎక్కండి నాన్నా" అంది. ఎక్కాను.