ఆదివారం ఎత్తిన సగం షట్టరు

మా వీధి చివర ప్రింటర్లు బాగుచేసే మెకానికన్న గురువారం పొద్దున పోయినాడు. ఫోను చేసింది ఆయన భార్య. "మీ అన్న ల్యాడు బ్రదరూ" అని, అంతే. ముందురోజు సాయంత్రమే నా కరపత్రాల ప్రింటరును ఆయన షాపులో పెట్టొచ్చినా. అందుకని వార్త వినంగానే నాకు మనిషి ఒక కంట, మిషను ఒక కంట కనబడినాయి. ఇది దాచిపెట్టి రాయడం నాకు చేతకాదు.

నేను ఏ బడిలోనూ నేర్వని బోధకుణ్ణి. చంకలో గ్రంథం ఉంటాది, గొంతు పెద్దది. ఆయన మగ్గాల ఇంట్లో పుట్టి, కర్నూలుకొచ్చి ఈ పని పట్టుకున్నాడు. ఎన్నిసార్లు పిలిచినా మా ప్రార్థనకు రాలేదు. "నువ్వు చెప్పేదంతా ఈడికే వినబడతాండాది బ్రదరూ, మళ్లా లోపలికెందుకు?" అనేవాడు.

మూడేండ్ల కిందట ఈస్టరు ముందొచ్చే శ్రమదినాలు నలభై నేను ఉపవాసముండి, నాతోబాటు ప్రింటరుకూ విశ్రాంతి ఇచ్చినా. పని ఆపేటప్పుడు గోడకాడ వైరు పీకడం నా అలవాటు. బయట మన ఎండాకాలం సంగతి చెప్పబల్లేదు. పండగ ముందు కరపత్రం తీస్తే అక్షరాల మధ్య తెల్లగీతలు. శుభ్రం చేసే బటను పన్నెండు సార్లు నొక్కినా. గీతలు పోలేదు, రంగు మాత్రం సగం దిగిపోయింది. మిషను నెత్తిన పెట్టుకొని పోయి, పదిమందిలో ఆయనమీద కేకలేసినా, నువ్వు పోసిన రంగే మోసమని.

ఆయన మూత తీసి, రంగు చిమ్మే హెడ్డును వేలు పెట్టి చూపిచ్చినాడు.

"చూడప్పా, ఇది యాడ నిలబడిందో. బటను నొక్కి ఆపితే, తనంతట తాను మూలకు పోయి రబ్బరు దిండుమీద నోరు మూసుకొని పడుకుంటాది. నువ్వు గోడకాడ పీకినావు. నడిదారిలో నోరు తెరుచుకొని ఎండిపొయింది."

"మరి పన్నెండు సార్లు కడిగినా గదన్నా!"

"కడిగిన రంగంతా కిందున్న దూదిలోకి పోతాది. ఆ దూది నిండితే ఇంకొక రోగం. అరిస్తే వినేది కాదు బ్రదరూ ఇది. నాననియ్యి."

బ్యాటరీలో పోసే నీళ్లలో మెత్తటి పాతబట్ట తడిపి, ఆ నోటి కింద పరిచి, రేపు రమ్మన్నాడు. మరుసటి రోజు గీతలు పోయినాయి. నేను క్షమించమని అడగలేదు. ఆయన అడిగిచ్చుకునే మనిషీ కాదు.

ఆయన షాపులో ఒక దారం కట్టి ఉండేది. రిపేరుకొచ్చి సామాను కోసం ఆగిన మిషన్లు ఏడో ఎనిమిదో ఎప్పుడూ ఉంటాయి. సోమవారం, గురువారం ఒక్కోదాంట్లో ఒక్కో కాగితం తీసేవాడు. నాలుగు రంగుల నాలుగు గీతలు, అంతే. ఆ కాగితాలను రంగేసిన నూలు ఆరేసినట్టు దారానికి తగిలించేవాడు. పని లేని దినం కూడా వాళ్ల నాయన మగ్గం మీద కూర్చొని రెండుసార్లు నాడె అటూ ఇటూ ఆడించేవాడంట. "ఊరకుంటే బిగుసుకుంటాది. అది మగ్గమైనా ఒకటే, ఇదైనా ఒకటే" అనేవాడు మెకానికన్న.

నన్ను కూడా ఆదివారమైనా సరే, మరవకుండా ఒక కాగితం తీయమన్నాడు. ఆదివారం నా ఇంట్లో పని జరగదని చెప్పినా.

"ఇంట్లో ఎద్దుంటే ఆదివారం నీళ్లు పెట్టవా?"

ఆయన నా గ్రంథం తెరిచినోడు కాదు. అచ్చంగా ఆ ప్రశ్న దాంట్లో ఉంది. నేను దానిమీద ఎన్ని ఊర్లలో గొంతు చించుకున్నానో! అయినా ఆ దినం లేచొచ్చినా.

సాగనంపినాక, పదకొండో దినం దాంకా షాపు తాళం తీయగూడదన్నారు బంధువులు. రేకుల కప్పు, మే నెల. లోపల ఎనిమిది మిషన్లు. ఒకటి కలెక్టరాఫీసు ముందర అర్జీలు కొట్టిచ్చే ఆమెది. అది ఎండిపోతే ఇంకొకటి కొనే శక్తి ఆమెకు లేదు. శనివారం రెండుసార్లు వచ్చి తాళం చూసి పోయింది.

ఆదివారం ప్రార్థన తొందరగా ముగించి మెకానికన్న ఇంటికి పోయినా.

"వదినా, తాళంచెవి ఇస్తావా? ఒక్కోదాంట్లో ఒక్క కాగితం తీసి మూసేస్తా."

ఆమె తమ్ముడు లేచినాడు. "ఏమప్పా, ఆదివారం పని చేస్తే పాపమని మైకులో నువ్వే గదా అరిచేది? ఈ పొద్దు మా కట్టుబాటుకు అడ్డమొస్తాండావే?"

నాకు గ్రంథంలోని వాక్యాలకు కొదవ లేదు. ఒక్కటీ తీయలేదు. "పని చేసేదానికి కాదప్పా, నీళ్లు పెట్టేదానికి పోతాండా" అన్నా.

ఆ మాట వదిన గుర్తుపట్టినట్టుంది. మొగుడి నోట ఎన్నిసార్లు వినిందో. లేచి గూట్లోంచి తాళంచెవి తెచ్చిచ్చింది. "షట్టరు సగమే ఎత్తు బ్రదరూ. వీళ్ల మాటా ఉంటాది, ఆయన మాటా ఉంటాది."

వంగి లోపలికి పోయినా. పెనంలాగ ఉండాది. ఒక్కొక్కటీ బటనుతోనే ఆన్ చేసి, కాగితం తీసి, బటనుతోనే ఆపినా. అర్జీలామె మిషను మొదట రెండు గీతలు మసగ్గా తీసి, చివరి నల్లగీత మాత్రం నిండుగా తీసింది. ఆమెకు కావల్సింది ఆ నల్లదే.

చివరిది నాది. నీలంగీత సగందాకా వచ్చి ఆగి, వేలెడు తర్వాత మళ్లా మొదలైంది. నా చెయ్యి శుభ్రం చేసే బటను మీదికి పోయింది. వెనక్కి తీసుకున్నా. ఆయన సీసాలోని నీళ్లతో బట్ట తడిపి, దాని నోటి కింద పరిచి, మూత దించినా.

దారం మీద సోమవారం ఆయన తగిలించినవి అట్లే ఉండాయి. వాటి పక్కన ఈ ఎనిమిదీ తగిలించినా. సగం షట్టరు కింద నుంచి గాలి వచ్చినప్పుడల్లా అన్నీ ఒకేసారి కదిలినాయి. ఏవి ఆయన తీసినవో, ఏవి నేను తీసినవో, తెగిన నీలంగీత ఒక్కటి తప్ప, చెప్పేదానికి లేదు.