ఇన్‌స్పెక్షన్‌కు సున్నం

తడి సున్నం వాసన తగిలితే నాకిప్పటికీ రోత పుడుతుంది.

మా నాన్న ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో ఫిట్టర్. క్వార్టర్ వదిలి ఆ ఊళ్ళోనే ఝపటాపూర్‌లో పెంకుటిల్లు కట్టుకుని, నలుగురూ నవ్వుతున్నా దానికి బీమా చేయించాడు. ఒక వైశాఖంలో గాలివానకు పెరట్లోని నేరేడు చెట్టు విరిగి వంటింటి మీద పడింది. పెంకులు, వాసాలు, సగం గోడ పోయాయి. నాన్న బీమా కంపెనీకి రాస్తే, ఆదివారం ఇన్‌స్పెక్షన్‌కు మనిషి వస్తాడని జవాబొచ్చింది.

ఆ మాట చదవగానే నాన్నకు పూనకం వచ్చింది. రైల్వేలో ఇన్‌స్పెక్షన్ అంటే చెత్త మాయం చేసి, కనిపించినదానికల్లా సున్నం కొట్టడమే. వర్క్‌షాపు స్నేహితులు రంపాలతో దిగి, చెట్టు కోసి అవతల పారేశారు. గోడ లేపారు, పెంకులు కప్పారు, సున్నం వేశారు.

"ఆయనొచ్చేది దెబ్బ సూడ్డానికి కదా, అలాగే ఉంచీండి" అంది అమ్మ.

"ఇన్‌స్పెక్షన్‌కొచ్చినోడికి చెత్త సూపిస్తామేటి? నువ్వూరుకో" అన్నాడు నాన్న.

పూలమొక్కల చుట్టూ ఇటుకలకు సున్నం పూసింది నేనే. తలుచుకుంటే నా మీద నాకే అసహ్యం.

ఆదివారం వచ్చిన బెంగాలీ బీమా మనిషి ఇల్లంతా తిరిగి, "దెబ్బ ఎక్కడ, దాదా?" అని అడిగాడు.

నాన్న ఆఫీసరు ముందు నిలబడ్డట్టు నిటారుగా నిలబడి, "సబ్ ఠీక్ హై, సార్" అన్నాడు.

అతను అదే రాసుకుని వెళ్ళిపోయాడు. గేటు దాకా సాగనంపి వచ్చిన నాన్న అమ్మతో గర్వంగా అన్నాడు: "సూసినావా? ఒక్క రిమార్కు కూడా రాయలేదు!"