బుచ్చిరాములు పెట్టని లైటు

నాచారంలో మల్లాపూర్ వైపు తిరిగే మూల మీద బుచ్చిరాములుకు ఒక రేకుల షెడ్డు ఉండేది. ట్రాలీలకు, లారీలకు వైరింగ్ పని చేసేవాడు. జనగామ పక్క పల్లె నుంచి ఇరవై ఏళ్లకే వచ్చి, యంత్రాలకు కంట్రోలు పెట్టెలు తయారుచేసే కంపెనీలో పదమూడేళ్లు వైర్లు అతికించాడు. ఒకరోజు డ్యూటీకి పోయేసరికి గేటుకు తాళం ఉంది. చేతిలో ఉన్న విద్య అదొక్కటే కాబట్టి దాన్నే రోడ్డు మీద పెట్టుకుని బతికాడు. పనిమంతుడని పేరు తెచ్చుకున్నాడు. రేపంటే వచ్చే వారమని ఇంకో పేరు కూడా తెచ్చుకున్నాడు.

చెల్లెలు కౌసల్యను తిరుపతి అనే డ్రైవరుకు ఇచ్చి చేసింది ఆయనే. తిరుపతి అక్కడికి దగ్గరలోనే ఒక బ్రెడ్డు ఫ్యాక్టరీలో పాత మెటడోర్ వ్యాను నడిపేవాడు. తెల్లవారేసరికి మల్కాజిగిరి, సైనిక్‌పురి, నాగారం దుకాణాలకు బ్రెడ్డు చేరాలి. కాబట్టి బండి చీకటితోనే కదలాలి.

డీజిలు ఇంజనుకు చలి పడదు. అందుకే సిలిండరుకొకటి చొప్పున హీటర్ ప్లగ్గులు ఉంటాయి. తాళం సగం తిప్పి పట్టుకుంటే అవి ఎర్రగా కాలి లోపలి గాలిని వేడిచేస్తాయి. అప్పుడు సెల్ఫు కొట్టి ఇంజను లేపాలి. సరైన బండిలో అయితే ఎప్పుడు కొట్టాలో డ్రైవరుకు ఒక చిన్న లైటు చెబుతుంది. తిరుపతి బండిలో ఆ లైటు లేదు. అది ఎన్ని చేతులు మారిందో, దాని వైర్లు ఎవరు కోసేశారో ఎవరికీ తెలియదు.

2010 దసరా ముందు తిరుపతి షెడ్డుకు వచ్చి అడిగాడు.

"బావా, జర ఆ హీటర్ లైటు పెట్టరాదు. లోపట కాలినయో లేదో ఎర్కైతలేదు."

"లైటెందుకు బావా, ఇరవై అయిదు లెక్కవెట్టుకో. గంతే. డాష్‌బోర్డు మొత్తం ఇప్పాలె, సగం దినం వోతది. సలికాలం రానీ, సూద్దాం."

దీపావళికి మళ్లీ అడిగాడు. డిసెంబరు మొదట్లో మూడోసారి అడిగాడు. అప్పుడు బుచ్చిరాములు ఒక లారీ కింద పడుకుని ఉన్నాడు. తల బయటికి పెట్టకుండానే "ఆదివారం తీస్కరా" అన్నాడు. ఆ ఆదివారం వరంగల్‌లో పెళ్లికి పోయాడు.

ఆ తర్వాతి గురువారం చలి బాగా పడింది. తిరుపతి తాళం తిప్పి పట్టుకున్నాడు, సెల్ఫు కొట్టాడు. ఇంజను అందుకోలేదు. మళ్లీ పట్టుకున్నాడు, మళ్లీ కొట్టాడు. బ్యాటరీ దిగిపోతున్నది. ట్రేలు ఎక్కించి ఉన్నాయి. పాత డ్రైవర్లందరికీ తెలిసిన ఉపాయం ఒకటుంది: గాలి లాగే గొట్టం ముందు మండే గుడ్డ పట్టుకుంటే ఇంజను ఆ వేడిని పీల్చుకుని లేస్తుంది. మెటడోర్‌కు ఇంజను క్యాబిన్‌లోనే, సీట్ల మధ్యన ఉంటుంది. తిరుపతి మూత ఎత్తి, గుడ్డ మీద డీజిలు పోసి అంటించాడు. వాచ్‌మన్ ఉప్పలయ్యను తాళం తిప్పమన్నాడు. డబ్బాలోంచి ఒలికిన డీజిలు తన స్వెట్టరు మీద పడిందని ఆ చీకట్లో చూసుకోలేదు.

స్వెట్టరు భగ్గున అంటుకుంది. ఉప్పలయ్య ఆయన్ని కిందికి లాగి గోనెసంచులు కప్పాడు. అప్పటికే ఆలస్యమైపోయింది.

తిరుపతి ఎనిమిది రోజులు దవాఖానాలో ఉన్నాడు. నాలుగో రోజు బుచ్చిరాములును లోపలికి పోనిచ్చారు. ముఖం మీది కట్టు సందులోంచి తిరుపతి ఆయన్ని గుర్తుపట్టాడు.

"నేను మంచిగనే లెక్కవెట్టిన బావా," అన్నాడు మెల్లగా. "రెండుసార్లు వెట్టిన. ఇరవై అయిదు."

బుచ్చిరాములు తల ఊపి బయటికి వచ్చి, మెట్ల మీద కూర్చున్నాడు. అంతకన్నా చేయగలిగింది ఏమీ కనబడలేదు. తొమ్మిదో నాడు పొద్దున తిరుపతి పోయాడు.

దినాలయ్యాక ఫ్యాక్టరీ యజమాని గంగాధరరావు కబురుపెట్టాడు. ఆయనది గోదావరి వైపు, పెద్దగా మాట్లాడని మనిషి. "బండి మూలన పడి ఉంది బుచ్చిరాములూ. నువ్వు చేయనంటే వేరేవాళ్లని పిలుస్తాను. నీ ఇష్టం," అన్నాడు.

"నేనే జేస్త," అన్నాడు బుచ్చిరాములు.

క్యాబిన్‌లో ఇంకా కాలిన వాసన ఉంది. టెస్టు లైటు పట్టుకుని ఒక్కో ప్లగ్గునూ చూశాడు. నాలుగింటిలో రెండు చచ్చి ఉన్నాయి. ఎన్నాళ్ల కింద పోయాయో ఏమో. ఇరవై అయిదు కాదు, వంద లెక్కపెట్టినా ఆ బండి ఆ చలికి లేచేది కాదు.

అక్కడే ఆయనకు ఇంకో సంగతి తట్టింది. తిరుపతి అడిగిన మామూలు లైటు పెట్టి ఉంటే అది వెలిగేదే. దానికి తెలిసేది వైరులోకి కరెంటు వచ్చిందనే తప్ప, ప్లగ్గు కాలుతున్నదని కాదు. కాబట్టి లైటు తిరుపతిని కాపాడేది కాదు. ఆ ఆలోచన ఆయనకు ఒక్క క్షణం ఊరటనిచ్చింది. మరుక్షణమే విరిగిపోయింది. లైటు పెట్టడానికి బండి విప్పితే మొదట చూసేది ప్లగ్గులనే. పదమూడేళ్లు నేర్చిన పని అది. విప్పి ఉంటే ఆ రెండూ అప్పుడే దొరికేవి.

మామూలు లైటు పెట్టడానికి చేయి రాలేదు. కంపెనీలో వాడిన చిన్న గాజు స్విచ్చులు ఇంట్లో ఒక డబ్బాలో ఉన్నాయి. వాటి మీద చుట్టిన తీగలో గట్టి కరెంటు పారితే లోపలి సన్నని రేకులు రెండూ అతుక్కుంటాయి. నాలుగు ప్లగ్గులకూ కలిపి ఉన్న పట్టీ తీసేసి, దేని వైరు దానికి వేరుచేశాడు. ఒక్కో వైరునూ ఒక్కో గాజు స్విచ్చు మీద చుట్టి, దానికో చిన్న లైటు కలిపాడు. ప్లగ్గు నిజంగా కరెంటు లాగితేనే దాని లైటు వెలుగుతుంది. మూడు రోజులు పట్టింది. షెడ్డుకు వచ్చిన వేరే బండ్లన్నిటినీ వెనక్కి పంపాడు.

ఆ సాయంత్రం కౌసల్య ఇంటికి పోయాడు. ఆమె బియ్యం ఏరుతున్నది. ఆయన గడప దగ్గరే నిలబడ్డాడు.

"చెల్లే, బావ నన్ను లైటు వెట్టమని అడిగిండే. నేనే పెట్టలే."

"ఎర్కనే," అన్నది చేట మీంచి తల ఎత్తకుండా. "మూడుసార్లు అడిగిండు. ఇంటికొచ్చి జెప్పేటోడు. మీ అన్న బిజీ ఉన్నడు తీయే అనేటోడు."

"నన్ను ఏమన్న అను."

"ఏమనాలె అన్నా? అంటె వస్తడా?"

ఆయన చాలాసేపు నిలబడ్డాడు. ఆమె కూర్చోమనలేదు.

సంక్రాంతి వెళ్లాక కౌసల్య అదే ఫ్యాక్టరీలో ప్యాకింగ్ పనిలో చేరింది. రోజూ షెడ్డు ముందు నుంచే నడిచిపోయేది. ఎదురుపడితే "మంచిదేనా" అనేది. ఆగేది కాదు. ఆ ఏడు రాఖీకి రాలేదు.

మరుసటి చలికాలం మెటడోర్ కొత్త డ్రైవరు రామకృష్ణ పొద్దున్నే షెడ్డుకు నడిచి వచ్చాడు.

"అన్నా, మూడో లైటు వెలుగుతలేదు. సెల్ఫు కొట్టలే, గట్లనే వదిలిపెట్టొచ్చిన."

బుచ్చిరాములు పోయి మూడో ప్లగ్గు మార్చాడు. బండి మొదటి తిప్పుకే లేచింది. అప్పుడే డ్యూటీకి వస్తున్న కౌసల్య గేటు దగ్గర ఎదురైంది. ఆయన ఉండబట్టలేక ఆమెతో చెప్పాడు: లైటు చెప్పిందని, డ్రైవరు ఆగాడని, ప్లగ్గు మారిందని.

ఆమె అంతా విన్నది. వెళ్లిపోతున్న బండి వైపు కాసేపు చూసింది.

"మంచిగైంది," అన్నది. "ఇగ నేను పోత అన్నా. టైమైంది."

కొంగు నడుముకు బిగించుకుని లోపలికి పోయింది.